వారం వాడకం

మా ఇంట్లో ఒక చట్టం ఉంది. ఇంట్లో తయారైన వస్తువు ఏదైనా సరే, తయారు చేసిన మనిషే దాన్ని ముందు వారం రోజులు వాడాలి. ఆ తర్వాతే అది ఎవరికోసం చేశారో వాళ్ల చేతికి వెళ్తుంది. ఈ చట్టం చేసింది మా అత్తయ్య. చేయించింది మా ఆయన.

పెళ్లయిన కొత్తలో ఆయన పాడైపోయిన వాషింగ్ మెషిన్ డ్రమ్మును బోర్లించి, పైన స్పాంజి వేసి, పాత కర్టెను గుడ్డ తొడిగి, కూరలు తరుక్కునేటప్పుడు కూర్చోవడానికని అత్తయ్యకు స్టూలు చేసిచ్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కూర్చుంటే మాత్రం, ఈయన ఊడదీయడం మరిచిపోయిన బోల్టు ఒకటి స్పాంజిలోంచి పలకరించేది. అత్తయ్య రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు కొడుకును పిలిచి, ఆ స్టూలు మీద కూర్చోబెట్టి, "వారం రోజులు అన్నం దీనిమీద కూర్చునే తిను" అన్నారు. మర్నాటికల్లా బోల్టు ఊడింది. చట్టం మాత్రం ఉండిపోయింది.

మాది వస్తువు పాడైతే పారేసే ఇల్లు కాదు. మా ఆయనకు కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే షాపుంది. నేను కళ్లజోళ్ల షాపులో అద్దాలను ఫ్రేముకు సరిపోయేలా అరగదీస్తాను. అత్తయ్య ఇరవయ్యేడేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో పెద్ద మెషిను పక్కన నిలబడి పనిచేశారు. ఇలాంటి ముగ్గురు ఒక కప్పు కింద ఉంటే ఏ వస్తువుకూ సుఖంగా చచ్చే యోగం ఉండదు. విరిగిన గొడుగు సంచి అవుతుంది, చిరిగిన సంచి మసిగుడ్డ అవుతుంది. మాకు పదేళ్ల కూతురుంది. ఇంటిల్లిపాదీ దాన్ని పిడుగు అంటాం. అది హోంవర్కు చేసుకునే దీపానికి అత్తయ్య పాత ఎక్స్‌రే ఫిల్ములతో షేడు కట్టారు. దీపం వెలిగిస్తే పోయిన మామయ్యగారి పక్కటెముకలు కనిపిస్తాయి. ఆయన రోజూ మనవరాలి చదువు దగ్గరే ఉంటున్నారని అత్తయ్యకు అదొక తృప్తి.

ఆ ప్రెస్సు మోతే అత్తయ్య చెవుల్ని తినేసింది. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చదివి జవాబిస్తారు. చెవిలో పెట్టుకునే మిషను కూడా కొన్నాం. పది రోజులు పెట్టుకుని, తీసి డబ్బాలో పడేశారు. "ఇందులోంచి మాటలు రావడం లేదమ్మాయ్, గిన్నెలే వస్తున్నాయి" అన్నారు. దాన్ని విప్పి చూస్తానని మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకొస్తే నేనే లాక్కుని దాచాను.

మేం పనులకు వెళ్లాక ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉంటారు. తలుపు కొడితే తీసేవాళ్లుండరు. గ్యాసు మనిషి రెండుసార్లు సిలిండరు మోసుకొచ్చి, రెండుసార్లూ మోసుకెళ్లి, మూడోసారి ఫోనులో నన్ను చెడామడా తిట్టాడు. కరెంటు మీటరు చూసే అతను ఇంటికి తాళం వేసి ఉందని చీటీ అంటించి పోయాడు. వాటికి నవ్వుకున్నాం. పోయిన నెల జరిగినదానికి మాత్రం నవ్వు రాలేదు.

పిడుగుకు బడిలో జ్వరం వచ్చింది. టీచరు నాకు నాలుగుసార్లు ఫోను చేసిందట. అద్దాలు అరగదీసే మిషను దగ్గర నాకు ఆ రింగు వినపడలేదు. ఇంట్లో నానమ్మ ఉంటుందని పిల్ల చెబితే తన స్కూటరు మీద తెచ్చి దింపి వెళ్లింది. మేముండేది మేడ మీద, ఎక్కడానికి బయటినుంచి ఇనుప మెట్లు. సాయంత్రం నేను వచ్చేసరికి పిల్ల పై మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. రెండు గంటలు అలాగే ఉందట. లోపల అత్తయ్య కుర్చీలో కూర్చుని పాత స్వెట్టరు విప్పి ఊలు చుడుతున్నారు. నా భుజం మీద పిల్లను చూడగానే చేతిలో ఉండ జారి గది అవతలికి దొర్లిపోయింది.

రెండు వారాలు పోయాక ఈ సంగతి తెలిసి బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఫోను చేశారు.

"ఇంక చాల్రా. మా ఇంట్లో పొద్దస్తమానం ఎవరో ఒకళ్లు ఉంటారు. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం వస్తా. అమ్మని తీసుకెళ్లిపోతా."

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే. మా ఆయన వెళ్లి అత్తయ్యతో చెబితే ఆవిడ తల దించుకుని "వెళ్తాలే" అన్నారు. అంతే. పన్నెండేళ్లుగా కుక్కరు మూత దగ్గర్నుంచి కర్టెను రంగు దాకా ప్రతిదానికీ నాతో వాదన పెట్టుకున్న మనిషి, ఇల్లు వదిలి రమ్మంటే ఒక్క మాట అనకపోవడం ఏమిటి? ఆవిడ లేని ఇంటికి సాయంత్రం నేనే తాళం తీసుకుని రావడం తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. కోపం వస్తే ఏదో ఒకటి తయారు చేస్తాను.

"గంట చెవికి అందకపోతే కంటికి అందాలి. అంతేగా?" అన్నాను మా ఆయనతో.

ఆయన గడ్డం గోక్కుని, షాపు వెనక తుప్పు పడుతున్న పాత స్కూటరు నుంచి ఇండికేటరు దీపాలు ఊడదీసుకొచ్చారు. మరో రెండు ఇంకో బండివి. దీపాలకు గూళ్లుగా ఖాళీ పెరుగు డబ్బాలు పెట్టాం. వైర్లు కనపడకుండా పాత దుప్పటి అంచు కత్తిరించి నేను తొడుగు కుట్టాను. బయట బెల్లు నొక్కితే హాల్లో, వంటింట్లో, అత్తయ్య గదిలో, వెనక బట్టలు ఆరేసే వసారాలో నాలుగు నారింజరంగు దీపాలు ఒకేసారి ఆరి వెలుగుతాయి. రెండు సాయంత్రాలు పట్టింది. మొదటిసారి నొక్కి చూస్తే ఇల్లు మొత్తం ఎడమవైపు మలుపు తిరగబోతున్నట్టుంది. పిడుగు చప్పట్లు కొట్టింది.

అత్తయ్య దీపం వైపు చూశారు, నా వైపు చూశారు, ఒక వేలెత్తారు.

"వారం" అన్నారు.

చట్టం చట్టమే. అయితే చెవులు బాగా పనిచేసే నేను ఆ దీపాన్ని వాడటం ఎలా? గంట మోగితే ముందు నాకు వినపడుతుంది కదా. దొంగలెక్క కాకుండా చేయాలంటే నాకూ వినపడకూడదు. షాపుకు రంగులు వేస్తున్నారని నాకు సరిగ్గా ఆ వారమే సెలవు దొరికింది. దూదిని కరిగించిన మైనంలో ముంచి, చల్లారాక ఉండ చేసి చెవుల్లో పెట్టుకున్నాను. పైన పాత హెడ్‌ఫోన్ల గూళ్లలో పరుపు స్పాంజి కుక్కి తగిలించుకున్నాను. నిజం చెప్పాలంటే ఇందులో దీపం పరీక్ష సగమే. మిగతా సగం, అత్తయ్య ఉండే చోటు లోపలినుంచి ఎలా ఉంటుందో చూద్దామన్న కుతూహలం.

మొదటి రోజు తల ప్రాణం తోకకొచ్చింది. కుక్కరు ఎన్ని కూతలు వేసిందో తెలియక ఆవిరికేసి గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. కుళాయి కట్టేయడం మరిచిపోయి ట్యాంకు ఖాళీ చేశాను. మా ఆయన వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తే గావుకేక పెట్టానట. ఆ కేక పక్కింటివాళ్లకు వినపడింది గానీ నాకు వినపడలేదు.

రెండో రోజు ఇంకో సంగతి కనిపెట్టాను. మనుషులు నాతో మాట మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తున్నారు. "ఏంటీ?" అంటే రెండోసారి చెబుతారు. మళ్లీ "ఏంటీ?" అంటే చెయ్యి ఊపి "ఏం లేదులే" అంటారు. నేను మొట్టమొదట నేర్చుకున్న పెదవుల మాట అదే. మా ఆయన ఆ రోజు నాతో తొమ్మిదిసార్లు "ఏం లేదులే" అన్నారు. పిడుగు అయితే లెక్కే లేదు. ఏం లేకపోతే నోరు తెరవడం ఎందుకు? కాగితం తెచ్చి "ఏముందో రాయండి" అని ముందు పడేశాను. మా ఆయన విసుక్కుంటూ రాశారు, 'ఇవాళ మబ్బు పట్టింది' అని. అంత చిన్న మాటకు రెండుసార్లు అడిగించుకోవాలా అనిపించింది. కానీ ఆ చిన్న మాటే నాకు కావలసి వచ్చింది.

మూడో రోజు దీపంతో పని పడింది. నారింజరంగు వెలగగానే పరుగున వెళ్లి తలుపు తీశాను. పార్సిలు తెచ్చినతను ఏదో అన్నాడు. చెవులు చూపించి వినపడదని సైగ చేశాను. వెంటనే అతని చూపు నా మొహం మీంచి జారిపోయి, నా నెత్తి మీదుగా ఇంట్లోకి వెళ్లింది. పెదవులు స్పష్టంగా కదిలాయి. "ఇంట్లో ఎవరూ లేరా?"

నేను లేనా? నిలువెత్తు మనిషిని గుమ్మంలో నిలబడి ఉంటే! నేను సంతకం కోసం చెయ్యి చాస్తే పెన్ను ఇవ్వకుండా, కాగితం మీద తనే ఏదో గీత గీసేసుకుని, పార్సిలు గుమ్మం మీద పెట్టి వెళ్లిపోయాడు. నా మొహం వేడెక్కిపోయింది. లోపలికి వస్తే అత్తయ్య ఊలు చుడుతూ నా వైపే చూస్తున్నారు.

దీపం మీదకంటే అత్తయ్య మీద నా కన్ను పడింది నాలుగో రోజు. ఇద్దరం హాల్లో కూర్చుని ఉన్నాం. ఆవిడ ఉన్నట్టుండి తలెత్తి తలుపు వైపు చూశారు. ఆ తర్వాత, నేను మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపటికి, దీపం వెలిగింది. సరే, ఏదో కాకతాళీయం అనుకున్నాను. మధ్యాహ్నం మళ్లీ చూశారు. ఈసారి దీపం వెలగనే లేదు. కాసేపటికి నేను తలుపు తీస్తే గడియకు ఎవరో కరపత్రం దూర్చి పోయారు. అంటే బెల్లు నొక్కని మనిషి వచ్చినా ఆవిడకు తెలిసింది!

నాకింక కాలు నిలవలేదు. సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే చీటీ మీద రాసి చూపించి, మళ్లీ కిందికి పంపాను, చప్పుడు లేకుండా పైకి రమ్మని. ఆయన ఇంకా సగం మెట్ల మీద ఉండగానే అత్తయ్య కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"వాడి ఎడమ మోకాలు ఇంకా తగ్గినట్టు లేదే. ఈడుస్తున్నాడు" అన్నారు, తనలో తాను అనుకున్నట్టుగా. ఆవిడ పెదవుల మీద చదివాను.

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే నేను చెప్పులు విడిచి ఆ కుర్చీలో కూర్చుని, ఆవిడ పెట్టుకునే చోటే పాదాలు పెట్టుకున్నాను. పిడుగు ఆటనుంచి వచ్చే వేళ. కళ్లు మూసుకున్నాను. పాదాల కింద నేల సన్నగా వణికింది, ఆగింది, మళ్లీ వణికింది. ఇనుప మెట్లను గోడకు బిగించిన చోటు సరిగ్గా ఆ కుర్చీ వెనకే. చెవులు మూసుకుని నాలుగు రోజులు తిరిగితే తప్ప ఆ సంగతి నా కాళ్లకు అందలేదు. సంతోషంతో ఎగిరి గంతేయబోయాను. అంతలోనే ఆగిపోయాను. మెట్లెక్కే ప్రతి మనిషీ ఆవిడకు తెలిస్తే, ఆ రోజు?

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెవుల్లోది తీసేసి, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, మీకు ఈ దీపం అక్కర్లేదు కదా?"

ఆవిడ చాలాసేపు నా పెదవులకేసే చూశారు, ఇంకో మాట వస్తుందేమోనని.

"ప్రెస్సులో మెషిను మొరాయించబోతుంటే మెకానిక్కు కంటే ముందు నా పాదాలకి తెలిసేదమ్మాయ్" అన్నారు చివరికి.

"మరి గ్యాసతను వచ్చినప్పుడు?"

"తెలిసింది."

"మీటరు చూసే అతను?"

"తెలిసింది. తీసి ఏం చెయ్యను? నా నెత్తి మీంచి లోపలికి తొంగి చూస్తారు. ఎవరూ లేరా అంటారు. మొన్న నిన్నూ అన్నాడుగా, చూశాను. ఒక్కసారికే నీ మొహం కందిపోయింది. నాకు పదకొండేళ్ల నుంచీ ఇదే వరస. ఒకరోజు తలుపు తీయడం మానేశాను. కొంపేం మునగలేదు. రెండో రోజూ మానేశాను."

నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. కానీ అడగాల్సింది ఇంకొకటి ఉంది, అది నా నోట రావడం లేదు. ఆవిడే చెప్పారు.

"ఆ రోజూ తెలిసింది."

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"మన పిడుగు మెట్లు ఎక్కదు, ఎగురుతుంది. రెండేసి మెట్లు ఒక్క అంగలో. ఆ రోజు వచ్చిన అడుగులు మెట్టు మెట్టుకీ ఆగుతున్నాయి. ఎవరో పెద్దాయన, చందా కోసం వచ్చి ఉంటాడనుకున్నా. తలుపు దాకా వెళ్లా. గడియ మీద చెయ్యి కూడా వేశా. మళ్లీ ఆ మాట అనిపించుకోవడం ఎందుకులే అని వెనక్కొచ్చి కూర్చున్నా. వచ్చినవాళ్లు దిగి వెళ్లారో లేదో కూడా పట్టించుకోలేదు." ఆవిడ తన పాదాలకేసి చూసుకున్నారు. "దాని అడుగు నాకు తెలుసని ఎంత పొగరు నాకు! జ్వరం వస్తే అడుగు మారుతుందని మాత్రం తెలియలేదు."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. పిల్ల ఒంటి వేడి ఇంకా నా భుజం మీద ఉన్నట్టే ఉంది. లేచి వంటింట్లోకి వెళ్లి, తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. తోముతుంటే మేం చేసిన పని ఒక్కొక్కటే కళ్లముందుకొచ్చింది. గోడ కొలిచాం. వైరు కొలిచాం. దీపం ఎంత ఎత్తున ఉంటే ఆవిడకు కనిపిస్తుందో కొలిచాం. తలుపు తీశాక ఆవిడకు ఏం ఎదురవుతోందో మాలో ఒక్కరమూ అడగలేదు. వస్తువు చేయడం చేతనైనవాళ్లం కదా, ప్రతి కష్టానికీ ఒక వస్తువు చాలనుకున్నాం.

తిరిగొచ్చేసరికి అత్తయ్య కళ్లు తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు.

"చెవుడంటే ఎవరూ ఏమీ అనరు. ఇది తెలిస్తే ఆ పిల్ల జన్మలో నా మొహం చూస్తుందా? పెద్దాడితో వెళ్లిపోతాను. దానికి చెప్పనని మాటివ్వు."

ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

ఆదివారం బావగారు వచ్చారు. అత్తయ్య బట్టల సంచి అప్పటికే గుమ్మం పక్కన ఉంది. మా ఆయనకు ఈ సంగతులేమీ తెలియవు. దీపం చూపిస్తే అన్నగారి మనసు మారుతుందని ఆయన ఆశ. ఇల్లంతా తిప్పి చూపించి, "కావాలంటే నువ్వే బయటికెళ్లి నొక్కు అన్నయ్యా. అమ్మే వచ్చి తీస్తుంది" అన్నారు. బావగారు బయటికి వెళ్లారు. మా ఆయన గడియ పెట్టి పక్కకు తప్పుకున్నారు.

నాలుగు దీపాలూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అత్తయ్య కుర్చీలో కూర్చుని హాల్లో దీపాన్ని చూస్తూ ఉన్నారు. లేవలేదు. ఆగి మళ్లీ వెలిగాయి. లేవలేదు. మా ఆయన వేలితో దీపం చూపించారు, చేతులు ఊపారు, చివరికి ఆయన మొహం వాడిపోయింది. ఆవిడ ఎందుకు లేవడం లేదో నాకు తెలుసు. తనకు తానే శిక్ష వేసుకుంటున్నారు. చెప్పేద్దామంటే నేను ఇచ్చిన మాట అడ్డం వచ్చింది.

పిడుగు లేచి వెళ్లింది. నానమ్మ మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నానమ్మా, లే. ఎవరన్నా వస్తే నీకు తెలుస్తుంది కదా. ఆ రోజు కూడా తెలిసింది. తలుపు కింద సందులోంచి చూశాను. నీ కాళ్లు వచ్చాయి. కాసేపు నిలబడ్డాయి. మళ్లీ వెళ్లిపోయాయి."

అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మరి ఎవరికీ చెప్పలేదేమే?" అన్నాను నేను.

అది నావైపు తిరగలేదు. నానమ్మకే చెప్పింది.

"ఆ రోజు పొద్దున బడికెళ్తూ, నీకేం చెప్పినా దండగే అన్నాను కదా. నువ్వు నావైపే చూస్తున్నావు. చదివేశావు. అందుకే కోపం వచ్చి తీయలేదు. తప్పు నాదే కదా. నేను చెబితే నిన్ను తిడతారు. సారీ నానమ్మా. పెదనాన్నతో వెళ్లిపోకు."

అత్తయ్య పిల్ల చేతులు పట్టుకున్నారు.

"ఎప్పుడన్నావే ఆ మాట?" అన్నారు. "నేను చూడనే లేదే పిచ్చిదానా. నేనసలు చూడనే లేదు."

నెల రోజులు. జ్వరం తగ్గినా ఆ పిల్ల నెల రోజులు ఆ నేరం ఒంటరిగా మోసింది, ఎవరూ వేయని నేరం. ఆవిడ దాన్ని గట్టిగా కావలించుకున్నారు. నాకు కళ్లు కనిపించడం మానేశాయి.

దీపాలు మూడోసారి వెలిగాయి. బయటినుంచి బావగారు తలుపు బాదడం మొదలుపెట్టారు. మా ఆయన గడియ వైపు అడుగు వేస్తే అత్తయ్య చెయ్యెత్తి ఆపారు. లేచి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్లి తలుపు తీశారు.

బావగారు ఆవిడ నెత్తి మీదుగా మావైపు చూశారు.

"ఏమైంది? అమ్మకి కనిపించలేదా?"

అత్తయ్య కొడుకు గడ్డం పట్టుకుని ఆ మొహాన్ని కిందికి వంచుకున్నారు.

"ఇక్కడ. నన్నడుగు."

అంత పెద్దమనిషీ తడబడ్డారు. తల్లి మొహంలోకి చూస్తూ, పెదవులు నెమ్మదిగా కదుపుతూ, "ఎందుకు తీయలేదమ్మా?" అన్నారు.

"లోపలికొచ్చి కూర్చో, చెప్తాను. నీతో మాత్రం నేను రావడం లేదు."

ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. అత్తయ్య మొదటినుంచీ చెప్పారు. గడియ మీద చెయ్యి వేసిన చోటికి వచ్చేసరికి పిడుగును దగ్గరకు లాక్కుని, మిగతాది కూడా దాని ముందే చెప్పారు.